పాట కోసం పాతాళానికి!

ఫోన్ తెరమీద వేలు పెడితే చాలు, లక్షల పాటలు. అయినా పిల్లలు ఒక్క పాట కోసం రోజుల తరబడి గుహలు తవ్వుతున్నారు. రాక్షసులకు ఎదురెళ్తున్నారు. దొరికితే గంతులేస్తున్నారు, పోతే కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. మైన్‌క్రాఫ్ట్ ఆటలోని పాటల డిస్కుల్లో అంతగా ఏముంది?

ఆదివారం మధ్యాహ్నం. తెల్లాపూర్‌లో ఓ అపార్ట్‌మెంట్, పద్నాలుగో అంతస్తు. భోజనాలయ్యాయి. నాన్న సోఫాలో కునుకు తీస్తున్నాడు. అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. రామచంద్రాపురం నుంచి వచ్చిన తాతయ్య బాల్కనీలో కూర్చుని, ఎదురుగా లేస్తున్న కొత్త టవరుకు ఎన్ని శ్లాబులు పడ్డాయో లెక్కపెడుతున్నాడు. ఉన్నట్టుండి పిల్లాడి గదిలోంచి ఏడుపు.

అమ్మ చేతులు తుడుచుకుంటూ పరుగెత్తింది.

“ఏమైంది నాన్నా?”

“పోయిందమ్మా... పిగ్‌స్టెప్ పోయింది. లావాలో పడి కాలిపోయింది.”

“ఏంటది?”

“పాట!”

అమ్మకు ప్రాణం లేచొచ్చింది. “హమ్మయ్య, పాటేనా! దానికింత ఏడవాలా? ఉండు, ఫోన్‌లో పెడతా.”

పెట్టింది కూడా. రెండు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్ల పాట, మొదటినుంచి చివరిదాకా మోగింది. పదేళ్లవాడి ఏడుపు తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది.

“ఇది కాదమ్మా... నాది కావాలి.”

అమ్మకు అర్థంకాలేదు. నాన్నకు మెలకువైతే వచ్చింది కానీ ఆయనకూ అర్థంకాలేదు. బాల్కనీలోంచి లేచొచ్చిన తాతయ్య మాత్రం మనవడి పక్కన మంచంమీద కూర్చుని ఒక్క మాట అడిగాడు. “నీదంటే ఎట్లాంటిదిరా? చెప్పు, వింటా.”

ఈ ఇల్లు తెల్లాపూర్‌లోనే ఉండక్కర్లేదు. కొల్లూరులోనో నల్లగండ్లలోనో, ఆ మాటకొస్తే విజయవాడలోనో ఉండొచ్చు. పదేళ్ల పిల్లలూ వాళ్ల చేతిలో ఓ ట్యాబూ ఉన్న ఏ ఇంటికైనా ఇలాంటి ఆదివారం ఒకటి వచ్చే ఉంటుంది. పోయింది ఉత్త పాట కాదని ఆ పిల్లాడికి తెలుసు. మరి పోయిందేమిటి? అది తెలియాలంటే ఆటలోకి వెళ్లాల్సిందే.

పిచ్చుకగూళ్ల ఆట

ఒకప్పుడు ఎవరైనా ఇల్లు కడుతుంటే వాకిట్లో ఇసుక గుట్ట ఉండేది. సాయంత్రమైతే వీధిలోని పిల్లలంతా దానిమీదే. పాదం మీద ఇసుక కప్పి, తట్టి, మెల్లగా కాలు లాగితే పిచ్చుకగూడు. దాని పక్కన ఓ బావి, ఓ బాట, ఓ కోట. గెలుపూ లేదు, ఓటమీ లేదు. చీకటిపడి అమ్మ కేకేసేదాకా ఆటే ఆట. ఇప్పుడు తెల్లాపూర్ నిండా కట్టడాలే. ఇసుక మాత్రం రేకుల కంచె లోపల, వాచ్‌మన్ కాపలాలో ఉంటోంది.

ఆ ఇసుక గుట్ట కంప్యూటర్లోకి వెళ్లిందనుకోండి, అదే మైన్‌క్రాఫ్ట్. ఇలాంటివాటిని ‘శాండ్‌బాక్స్’ ఆటలంటారు. అంటే ఇసుకపెట్టె అనే!

స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009లో దీని తొలి రూపాన్ని జనం ముందు పెట్టాడు. పూర్తిస్థాయి ఆట 2011 నవంబరులో వచ్చింది. అందులో లోకమంతా దిమ్మెలే. మట్టి దిమ్మె, రాతి దిమ్మె, చెక్క దిమ్మె... తవ్వుకోవాలి, పేర్చుకోవాలి. పూరిల్లే కడతారో, చార్మినారే కడతారో ఆడేవాళ్ల ఇష్టం. దీన్ని తయారుచేసిన మొజాంగ్ సంస్థను 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొనేసింది. అమ్ముడుపోయిన ప్రతులు 30 కోట్లు దాటాయని 2023లో ప్రకటించారు. తెల్లాపూర్ నుంచి నల్లగండ్ల మీదుగా గచ్చిబౌలి వైపు వెళితే మైక్రోసాఫ్ట్ ప్రాంగణం వస్తుంది. 1998లో హైదరాబాద్‌లో మొదలైన అభివృద్ధి కేంద్రం అది. ఆటకు పుట్టిల్లు స్టాక్‌హోమే అయినా, దాని యజమాని మాత్రం ఒకరకంగా మనకు ఇరుగూపొరుగే!

పెట్టెకో వజ్రం

ఈ ఆటలో సంగీతం రెండు రకాలు. ఒకటి దానంతటదే వచ్చేది. చాలాసేపు నిశ్శబ్దంగా ఉండి, మీరు మట్టి తవ్వుకుంటుండగా ఎక్కణ్నుంచో పియానో మెల్లగా మొదలవుతుంది. కాసేపుండి వెళ్లిపోతుంది. రెండోది సంపాదించుకోవాల్సింది. అదే డిస్కు.

డిస్కు వినాలంటే ముందు జూక్‌బాక్స్ కావాలి. పాటల పెట్టె అన్నమాట. ఎనిమిది చెక్క పలకలు, మధ్యలో ఒక వజ్రం ఉంటే అది తయారవుతుంది. చెక్కకేం, చెట్టు కొడితే వస్తుంది. వజ్రంతోనే చిక్కు. అది భూమి లోలోపలి పొరల్లో ఎక్కడో ఉంటుంది. చెక్క పికాసుతోనో రాతి పికాసుతోనో తవ్వితే చేతికి రాదు. ఇనుప పికాసు కావాలి. దానికి ఇనుప ఖనిజం తవ్వి, కొలిమిలో కరిగించాలి. గుహల్లో చీకటి. చీకట్లో రాక్షసులు. ఇంత కష్టపడి తెచ్చిన వజ్రాన్ని కత్తికో కవచానికో దాచుకుంటే ప్రాణం నిలబడుతుంది. అలాంటిది పాటల పెట్టెకు బిగించేస్తారు. కడుపు నింపని, ప్రాణం కాపాడని వస్తువు మీద వజ్రం ఖర్చుపెట్టాలంటే పాటమీద ఎంత మక్కువ ఉండాలి!

పెట్టె ఉన్నచోటే పాట. దూరం జరిగేకొద్దీ సన్నగిల్లి ఆగిపోతుంది. డిస్కు ఒకసారి మోగి ఊరుకుంటుంది. ఇంకోసారి వినాలంటే తీసి మళ్లీ పెట్టాలి. మోగుతున్నంతసేపూ పెట్టె మీంచి రంగురంగుల స్వర గుర్తులు ఎగురుతాయి. దగ్గర్లో చిలకలుంటే తలలూపుతూ చిందులేస్తాయి.

శత్రువు బాణమే దిక్కు

ఇక డిస్కు సంపాదించే పద్ధతి... తెనాలి రామలింగడికి తగ్గ ఎత్తు అది.

ఆటలో క్రీపర్ అని ఓ ఆకుపచ్చ జీవి ఉంది. పెర్సన్ పంది బొమ్మ చేయబోయి ఎత్తూ పొడవూ కొలతలు తారుమారు చేయడంతో పుట్టిన వింత ఆకారం. చడీచప్పుడు లేకుండా వెనకాలే వచ్చి, బుస్సుమని పేలిపోతుంది. దాంతోపాటు మీరు కట్టుకున్న గోడ కూడా గోవిందా! రెండో శత్రువు అస్థిపంజరం. విల్లంబులతో తిరుగుతుంది.

క్రీపర్‌ను మీరే చంపితే కాస్త పేలుడు మందు దొరుకుతుంది. డిస్కు రాదు. అస్థిపంజరం వేసిన బాణం తగిలి క్రీపర్ చావాలి. అప్పుడే డిస్కు రాలుతుంది. అస్థిపంజరానికి క్రీపర్‌తో పగేమీ లేదు. దాని గురి మీమీదే. కాబట్టి మీరు ఆ ఇద్దరి మధ్యా నిలబడాలి. ముందే క్రీపర్‌ను నాలుగు దెబ్బలు కొట్టి నీరసింపజేయాలి. బాణం వదిలే సమయానికి పక్కకు తప్పుకోవాలి. అర క్షణం ఆలస్యమైతే బాణం మీకు. ఇంకాస్త ఆలస్యమైతే వెనక పేలుడు. ఇద్దరు శత్రువులకూ తగువు పెట్టి, మధ్యలోంచి పాట ఎత్తుకురావడమన్నమాట!

ఇలా దొరికే డిస్కులు 12. 2010లో వచ్చిన ‘13’, ‘క్యాట్’ మొదటివి. పాడుబడిన నేలమాళిగల్లోని పెట్టెల్లోనూ ఇవి దొరుకుతాయి. 2011లో మరో తొమ్మిది చేరాయి. 2012లో ‘వెయిట్’ వచ్చింది. ఏది రాలుతుందో మీ అదృష్టం. వెనకటికి బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ బొమ్మల్లా, ఉన్నదే మళ్లీ వచ్చి ఉసూరుమనిపించవచ్చు కూడా.

ఈ పన్నెండింటిలో పిల్లలు గుసగుసగా చెప్పుకునేది ‘11’ గురించి. దాని బొమ్మే విరిగిపోయిన డిస్కులా ఉంటుంది. నిడివి ఒక నిమిషం పదకొండు సెకన్లు. అందులో పాట లేదు. ఎవరో నడుస్తున్న అడుగుల చప్పుడు. దగ్గు. పరుగు. ఆయాసం. చివర్లో ఓ అరుపులాంటి శబ్దం, అంతే... టక్కున ఆగిపోతుంది. ఆ మనిషెవరు? వెంటపడిందేమిటి? ఆట చెప్పదు. పెద్దయిపోయినవాళ్లు కూడా ఇప్పటికీ దానికి కథలు అల్లుతూనే ఉన్నారు.

చప్పుడు చేస్తే చావే

తర్వాత వచ్చిన డిస్కుల్లో ఒక్కోదానిదీ ఒక్కో దారి. తెల్లాపూర్ పిల్లాడు పోగొట్టుకున్న పిగ్‌స్టెప్ 2020లో వచ్చింది. దానికోసం ‘నెదర్’కు వెళ్లాలి. మన భాషలో పాతాళమే. కింద నిప్పుల సముద్రం, పైన మంటలు కక్కే దయ్యాలు. అక్కడి పందిమూతి మనుషుల కోటల్లో ఏదో ఒక పెట్టెలో ఈ డిస్కు ఉండొచ్చు, లేకపోనూవచ్చు. వాళ్లకు బంగారమంటే పిచ్చి. ఒంటిమీద బంగారు టోపీ అయినా ఉంటే చాలామంది ఏమీ అనరు. పెట్టెమీద చెయ్యేస్తే మాత్రం ఊరుకోరు.

2022లో వచ్చిన ‘5’ కథ ఇంకా చిత్రం. అది డిస్కుగా దొరకదు, ముక్కలుగా దొరుకుతుంది. తొమ్మిది ముక్కలు పోగేస్తే ఒక డిస్కు. ఆ ముక్కలుండేది భూగర్భంలో పాడుబడిన ఓ నగరంలో. అక్కడ వార్డెన్ అనే భీకరాకారం పహరా కాస్తుంటుంది. దానికి కళ్లు లేవు. చప్పుడును బట్టి వస్తుంది. అందుకే పిల్లలు ఆ నగరంలో వంగి, అడుగులో అడుగేసుకుంటూ నడుస్తారు. ఉన్నిని పరుచుకుంటూ దానిమీదే వెళ్తారు. చప్పుడు చేస్తే ప్రాణంపోయే చోట పాట ముక్కలు దాచిపెట్టడం... ఎవరికొచ్చిందో గానీ, గొప్ప ఆలోచన!

2023 నాటి ‘రెలిక్’ కోసం రాక్షసులతో పనిలేదు. ఓపిక కావాలి. పురావస్తు శాఖవాళ్లలా పాత శిథిలాల దగ్గర కూర్చుని, కుంచెతో గులకమట్టిని మెల్లగా తుడుచుకుంటూ పోవాలి. ఏ కుండపెంకో, ఏ రంగు గాజో బయటపడుతుంది. అదృష్టం బాగుంటే డిస్కు బయటపడుతుంది. 2025లో వచ్చిన ‘టియర్స్’ కావాలంటే, ఆకాశంలో తేలే దయ్యం మీమీదికి ఉమిసిన నిప్పు బంతిని తిప్పికొట్టి, దాని నిప్పుతో దాన్నే చంపాలి.

పాటలు కట్టిందెవరు?

మొదటి పన్నెండు డిస్కుల్లోని సంగీతం జర్మనీకి చెందిన డేనియల్ రోజెన్‌ఫెల్డ్‌ది. ‘సీ418’ అన్నది అతని కలంపేరు లాంటిది. 1989లో పుట్టాడు. ఇంటర్నెట్‌లో ఆటలు తయారుచేసే కుర్రాళ్ల కబుర్ల మధ్య పెర్సన్‌తో పరిచయమైంది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. పెద్ద వాద్యబృందం లేదు, స్టూడియో లేదు. అతను చేసిన పాటలు ‘మైన్‌క్రాఫ్ట్: వాల్యూమ్ ఆల్ఫా’ పేరుతో 2011లో ఆల్బమ్‌గా వచ్చాయి. 2015లో అవే పాటలు నిజమైన గ్రామఫోన్ రికార్డుగానూ వెలువడ్డాయి. ఆటలో ఉత్తుత్తి డిస్కు, చేత్తో పట్టుకునే డిస్కు అయింది! 2025లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ ఆల్బమ్‌ను జాతి భద్రపరచుకోవాల్సిన రికార్డింగుల జాబితాలో చేర్చింది. వీడియో గేమ్ సంగీతంలో అంతకుముందు ఆ గౌరవం దక్కింది 2023లో ‘సూపర్ మారియో’ బాణీకి మాత్రమే.

పిగ్‌స్టెప్‌ను స్వరపరచింది అమెరికాకు చెందిన లీనా రెయిన్. ‘5’ శామ్యూల్ ఓబెర్గ్‌ది, ‘రెలిక్’ ఆరన్ చెరాఫ్‌ది. సినిమా పాటైతే పాడినవారి పేరు మనకు నోటికొస్తుంది. చిత్రమేమిటంటే, ఈ డిస్కుల మీద కూడా పాట పేరు పక్కనే స్వరకర్త పేరుంటుంది. అందుకే ఇళయరాజా, కీరవాణి పేర్లు చెప్పినట్టే ‘సీ418, లీనా రెయిన్’ అని టకటకా చెప్పే నాలుగో తరగతి పిల్లలు తయారయ్యారు.

మీట నొక్కితే అన్నీ!

ఇక్కడో కిటుకుంది. ఇదే ఆటలో ‘క్రియేటివ్’ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో ఆకలి లేదు, చావు లేదు. కావాల్సినన్ని వజ్రాలు. డిస్కులన్నీ వరుసగా పేర్చి ఉంటాయి. నచ్చింది తీసుకుని పెట్టెలో పెట్టుకోవడమే. అర నిమిషంలో పిగ్‌స్టెప్ మోగుతుంది. అంతెందుకు, యూట్యూబ్‌లో ఈ పాటలన్నీ ఉన్నాయి. అంటే పిల్లలకు ‘పాట’ కావాలంటే ఏ కష్టమూ అక్కర్లేదు.

అయినా పనిగట్టుకుని కష్టమైన పద్ధతిలోనే ఆడతారు. డిస్కులు దాచుకోవడానికి ఓ గది కడతారు. ఇంట్లో పెద్దవాళ్లు షోకేసులో కొండపల్లి బొమ్మలు పేర్చినట్టు, గోడకు వరుసగా తగిలిస్తారు. స్నేహితుడు ఆటలోకి వస్తే ముందు ఆ గదే చూపిస్తారు. “ఇది ఎడారిలో దొరికింది... ఇది వాడూ నేనూ కలిసి తెచ్చాం... ఇది పట్టుకునేటప్పుడు నేను మూడుసార్లు చచ్చిపోయా” అని ఒక్కోదాని పురాణం విప్పుతారు. గమనించారా? పాట ఎలా ఉంటుందో ఎవరూ చెప్పుకోరు. ఎలా దొరికిందో చెప్పుకుంటారు.

యూట్యూబ్‌లో ఉన్నది అందరి పాట. గోడమీద ఉన్నది తన పాట. అమ్మ ఫోన్‌లో పెట్టిందీ పిల్లాడు పోగొట్టుకున్నదీ ఒకే పాట కాకపోవడానికి కారణం ఇదే.

లక్క పళ్లెం నుంచి క్యాసెట్టు దాకా

ఇదేదో ఈ కాలం పిల్లల పిచ్చి అనుకుంటే పొరపాటే. అసలు పాట అనేది చేత్తో పట్టుకునే వస్తువైందే ఇలా. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటల్ని గ్రామఫోన్ కంపెనీవాళ్లు రికార్డు చేశారు. పళ్లెం మీద పట్టేది మూడు నిమిషాలే కాబట్టి గంటలకొద్దీ పాడే రాగాన్ని ఆమె అందులోకే కుదించింది. చివర్లో తన పేరు తానే గట్టిగా చెప్పేది. రికార్డులు ముద్రించేది ఎక్కడో జర్మనీలోని హానోవర్‌లో. అది ఎవరి పాటో అక్కడివాళ్లకు తెలియాలి కదా! లక్కతో చేసిన ఆ పళ్లెం ఓడెక్కి వెళ్లి, మళ్లీ ఓడెక్కి రావాలి. అప్పుడు పాట వినాలంటే, ఊళ్లో గ్రామఫోన్ ఉన్న ఇంటి అరుగుమీద చోటు దొరకాలి.

కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాల్ని ఘంటసాల పాడిన రికార్డు తెలుగునాట ఎన్ని ఇళ్లలో అరిగిపోయిందో! సూది మార్చాలి, పళ్లెం తుడవాలి, పిల్లలు ముట్టుకోకుండా చూసుకోవాలి. పాటకు అంత పరిచర్య జరిగేది.

ఆ తర్వాతి తరానికి క్యాసెట్టు. ఇప్పుడు నలభై, యాభై ఏళ్ల మధ్య ఉన్న నాన్నల్ని అడగండి. తెల్లకాగితం మీద ఇష్టమైన పాటలన్నీ వరుసగా రాసుకుని రికార్డింగ్ షాపుకెళ్లడం, ఖాళీ క్యాసెట్టుతో పాటు చీటీ ఇవ్వడం, రెండ్రోజులాగి తెచ్చుకోవడం... అరవై నిమిషాల క్యాసెట్టులో ఒకవైపు చివరి పాట పల్లవి దగ్గరే తెగిపోవడం... టేపు చిక్కుపడితే పెన్సిల్ దూర్చి తిప్పుకోవడం. ఆ తెగిపోయిన పాటను ఇప్పుడు పూర్తిగా వింటున్నా, సరిగ్గా అక్కడికొచ్చేసరికి మనసు ఆగుతుంది.

ఫోన్ వచ్చాక ఈ తంతు అంతా పోయింది. అదృష్టమే. పల్లెలో కూర్చున్న పిల్లకైనా ప్రపంచంలోని ఏ పాటైనా అందుతోంది. కాకపోతే పాట దగ్గరికి నడిచే దారి మూసుకుపోయింది. పిల్లలు ఆ దారిని ఆటలో మళ్లీ తవ్వుకుంటున్నారు. ఎవరూ చెప్పకుండానే!

అమ్మానాన్నల బెంగ

‘బాగానే ఉంది. ఇలా చెబితే ఇక పొద్దస్తమానం ఆడతారు’ అంటారా? ఆ బెంగ న్యాయమైనదే. ఆట వ్యసనమై చదువునూ నిద్రనూ తినేస్తే అది జబ్బేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో చేర్చింది. డిస్కుల వేటలో ‘ఇంకొక్కటి, ఇంకొక్కటి’ అనిపించే గుణం ఉన్న మాట నిజం. కాబట్టి గడియారం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. ముక్కూముఖం తెలియనివాళ్లతో కలిసి ఆడే సర్వర్ల విషయంలో జాగ్రత్త తప్పనిసరి.

ఒక ఊరట మాత్రం ఉంది. క్రీపర్ వదిలే డిస్కుకైనా, పాతాళంలో దొరికే డిస్కుకైనా డబ్బుతో పనిలేదు. ఓపికతోనే వస్తాయి. ట్యాబుల్లో, ఫోన్లలో ఆడే రకంలో వేషాలూ కొత్త లోకాలూ అమ్మే దుకాణం ఒకటి విడిగా ఉంది. అక్కడ ఖర్చయ్యేది నిజం డబ్బే. ఆ దుకాణానికి తాళం వేయండి. డిస్కుల గదికి మాత్రం వేయకండి.

ఇంకో సంగతి. డిస్కులు పోగేసే పిల్లలు చాలామంది కొన్నాళ్లకు ‘నోట్ బ్లాక్’ దగ్గరికి వెళ్తారు. అది స్వరం పలికే దిమ్మె. ఒక్కోసారి నొక్కితే ఒక్కో మెట్టు పైకి వెళ్తుంది. మొత్తం 25 స్వరస్థానాలు, అంటే రెండు స్థాయిలు. కింద బంగారు దిమ్మె పెడితే గంటలా, ఉన్ని పెడితే గిటార్‌లా, బంకమట్టి పెడితే వేణువులా పలుకుతుంది. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలుంటే, మొదటి పాఠం మాయామాళవగౌళను ఆ దిమ్మెలతో పేర్చమనండి. గమకాలు పలకవు కానీ, సరళీ స్వరాలు చక్కగా పలుకుతాయి. శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి ఎన్ని మెట్లో వేళ్లతో లెక్కపెట్టినవాళ్లు ఇక మర్చిపోరు.

అన్నిటికంటే తేలిక పని ఒకటుంది. ‘ఆ డిస్కు ఎలా దొరికింది?’ అని అడగడం. అడిగి, చెబుతున్నంతసేపూ వినడం.

బంగారు టోపీ

తాతయ్య చేసింది అదే. మనవడు చెప్పాడు. ఎదురు బ్లాకులో ఉండే స్నేహితుడితో కలిసి మూడు సాయంత్రాలు వెతికాడట. మొదటి కోటలో లేదట. రెండో కోటలో వాళ్ల నాయకుడు గొడ్డలితో తరిమాడట. మూడోచోట దొరికిందట. పెట్టె మూత తీయగానే కనిపించేసరికి ఇద్దరూ ఫోన్‌లో ఒకేసారి అరిచారట. తిరిగొచ్చేటప్పుడు వంతెన మీద కాలు జారింది. అంతే!

తాతయ్య కాసేపు ఏమీ అనలేదు.

“నా దగ్గర పుష్పవిలాపం రికార్డు ఉండేదిరా. ఉద్యోగంలో చేరిన కొత్తలో కోఠిలో వెతికి వెతికి కొన్నా. బీహెచ్‌ఈఎల్ క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు ఎవరో దానిమీద ఇనుప పెట్టె పెట్టారు. రెండు ముక్కలైంది.”

“ఫోన్‌లో వినొచ్చుగా తాతయ్యా?”

“వింటూనే ఉన్నా. బాగానే ఉంటుంది. కానీ నా రికార్డు మీద ఒకచోట గీత పడింది. అక్కడికి రాగానే సూది ఎగిరి, అదే మాట మళ్లీ మళ్లీ పలికేది. మీ నానమ్మ నవ్వుకుంటూ వచ్చి సూది జరిపేది. ఫోన్‌లో అది రాదురా.”

పిల్లాడు ఏడుపు ఆపి తాతయ్య ముఖంలోకి చూశాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ, చేతిలోని ఫోన్‌ను మెల్లగా బల్లమీద పెట్టేసింది.

“మళ్లీ పోదామా?” అడిగాడు తాతయ్య.

“మామయ్యగారూ, మీరు కూడానా!” అంది అమ్మ, నవ్వాపుకుంటూ. “సరే, రోజూ అరగంటే. హోంవర్క్ అయ్యాకే.”

“చాలా దూరం తాతయ్యా. దారిలో లావా కూడా ఉంటుంది.”

“వచ్చే ఆదివారం దాకా నాకు వేరే పనేముంది? పద.”

“అయితే ముందు నీకు బంగారు టోపీ చేయాలి. అది లేకుండా వెళితే వాళ్లు కొడతారు.”

తాతయ్య పకపకా నవ్వాడు. “ఈ రేట్లలో బంగారు టోపీయా! మీ నాన్నను లేపు, ఆయన్నే అడుగుదాం.”